అరకు, లంబసింగి వెళ్లేవాళ్లకి: రోడ్డు ఆగిన చోటి నుంచి మన్యం

అడిగిన ప్రశ్న ఇది: "డిసెంబరులో ఇంటిల్లిపాదీ అరకు, లంబసింగి వెళ్తున్నాం. టూరిజం వచ్చాక అక్కడి గిరిజనులు బాగుపడ్డారని కొందరు, అదంతా పైమెరుగేనని కొందరు అంటున్నారు. ఏది నిజం? మేం వెళ్లడం వల్ల వాళ్లకి ఎంతో కొంత మేలు జరగాలంటే ఏం చేయాలి?"

రెండూ నిజమేనండీ. కాకపోతే రెండూ ఒకే చోట నిజం కావు, ఒకే నెలలో కూడా నిజం కావు. తారు రోడ్డుకి అటూ ఇటూ ఉన్న ఊళ్లలో నవంబరు నుంచి జనవరి దాకా నాలుగు డబ్బులు ఆడతాయి. ఆ రోడ్డు నుంచి అయిదారు కిలోమీటర్లు కొండ మీదకి వెళ్తే, అదీ జులైలో వెళ్తే, వేరే మన్యం కనబడుతుంది. టూరిస్టు చూసేది మొదటిదే. అందులో మోసమేమీ లేదు. కానీ కళ్లారా చూసొచ్చాం కాబట్టి మన్యం అంటే అదేననుకుని దిగిపోతాం. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు దారి సంగతి. విశాఖ నుంచి ఘాట్ ఎక్కి బొర్రా, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. అక్కణ్నుంచి డుంబ్రిగూడ దగ్గర చాపరాయి, హుకుంపేట, పాడేరు, పక్కనే వంజంగి కొండ, తర్వాత చింతపల్లి, లంబసింగి. ఏ టూరు ప్యాకేజీ తీసుకున్నా ఈ గీత మీదే నడుస్తుంది. సెల్ టవర్లు, ఏటీఎంలు, కొత్త భవనాలు, వచ్చిపోయే అధికారుల బండ్లు కూడా ఎక్కువగా ఈ గీత మీదే ఉంటాయి. రైలైనా అంతే. కొత్తవలస–కిరండూల్ లైను 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకి దింపడానికి వేసింది. 58 సొరంగాలు, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను, 2017లో తగిలించిన అద్దాల బోగీ, వీటి గురించి మీరు వినే ఉంటారు. అదే రైల్లో జనరల్ బోగీ వైపు ఒకసారి నడిచి చూడండి. సంతకి బుట్టలు మోసుకెళ్లేవాళ్లు, విశాఖలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో చూపించుకోవడానికి కాగితాల కవరు గుండెకి అదుముకుని కూర్చున్నవాళ్లు అందులో ఉంటారు. ఒకే రైలు, ఒకే లోయ.

బొర్రా గుహలున్నది అనంతగిరి మండలంలో. అదే మండలంలో రొంపల్లి, పినకోట, జీనబాడు పంచాయతీలున్నాయి. వాటి శిఖర గ్రామాల పేర్లు పేపర్లో వచ్చేది ఎక్కువగా రోగినో గర్భిణినో డోలీలో మోసుకొచ్చిన వార్తల్లోనే. డోలీ ఫొటో అందరూ చూశారు గానీ, అదెలా నడుస్తుందో తెలిస్తే ఆ ఫొటో వెనకున్నది అర్థమవుతుంది.

ఏడెనిమిది అడుగుల గట్టి కర్ర, దాని రెండు కొసలకీ ముడేసిన దుప్పటి లేదా చీర. మనిషి అందులో విల్లులా వంగి ఉండిపోతుంది. ముందొకరు, వెనకొకరు భుజాన ఎత్తుకుంటారు. అయిదారు కిలోమీటర్ల రాళ్లదారి దిగాలంటే ఇద్దరు చాలరు, భుజాలు మార్చుకోవడానికి కనీసం ఆరుగురు ఉండాలి. పది పన్నెండు గడపల ఊళ్లో ఆ రోజు మగవాళ్లు సంతకో కూలికో వెళ్లిపోయి ఉంటే, వాళ్లు తిరిగొచ్చేదాకా డోలీ కదలదు. 108కి ఫోన్ చేయాలంటే ముందు ఎవరో ఒకరు సిగ్నల్ అందే గుట్ట ఎక్కాలి. అంబులెన్సు వచ్చేది బండి తిరిగే చోటి వరకే. 2018లో గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధిలో బైకు అంబులెన్సులు పెట్టారు, మంచి పనే. కానీ వాటికీ బైకు పట్టేంత బాట ఉండాలి. వానాకాలం గెడ్డ (కొండవాగు) పొంగితే అదీ ఉండదు.

నిండు చూలాలు వెల్లకిలా పడుకుంటే కడుపు బరువు వెనకున్న పెద్ద రక్తనాళం మీద పడి, గుండెకి తిరిగి చేరే రక్తం తగ్గిపోతుంది. అందుకే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టమంటారు. డోలీలో పక్కకి తిరగడం కుదరదు. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లోనే ప్రాణం మీదకి రావచ్చు. రక్తహీనత ఉన్న తల్లికి ఆ గడువు ఇంకా తక్కువ. డోలీ దిగేసరికే ఆ గంటలు అయిపోతాయి. కొండ మీద మంత్రసాని చేతిలో మామూలుగా జరిగిపోయే కాన్పులు బోలెడు. ఏదో ఒకటి అడ్డం తిరిగిందా, మధ్యలో మరో మార్గం లేదు.

దీనికి తెలిసిన మందు ఒకటుంది. కాన్పు తేదీకి వారం పది రోజుల ముందే గర్భిణిని కిందికి తెచ్చి, ఆసుపత్రికి దగ్గర్లో వసతి పెట్టడం. అలాంటి వసతి గృహాలు కొన్నిచోట్ల నడిచాయి. అయినా చాలామంది రారు. చెప్పినా వినరని, మూఢనమ్మకమని అనేస్తారు. అసలు కారణాలు మామూలివే. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లల్ని చూసేవాళ్లుండరు. తోడొచ్చిన మనిషి కూలి పోతుంది, తిండి ఖర్చు మీద పడుతుంది. కింద మాట్లాడేది తెలుగు, తనకి వచ్చింది కువి అయినా ఆదివాసీ ఒడియా అయినా, నర్సుకి నొప్పి చెప్పుకోవడం కూడా కష్టమే. పైగా నవంబరు, డిసెంబరు, జనవరి అంటే కాఫీ కోత. ఆ మూడు నెలల కూలి మీదే మిగతా ఏడాది ఆధారపడి ఉన్న ఇల్లు పది రోజులు ఖాళీగా కూర్చోలేదు.

సరిగ్గా ఆ నెలల్లోనే మనం వెళ్తాం. శని, ఆదివారాల్లో ఘాట్ రోడ్డు మీద, వంజంగి కింద, లంబసింగి జంక్షన్లో కార్లు బారులు తీరతాయి. డోలీ దిగి అంబులెన్సు ఎక్కిన మనిషి పాడేరుకో విశాఖకో వెళ్లాల్సింది ఆ రోడ్డు మీదే. వ్యూపాయింటు దగ్గర కారు సగం రోడ్డు మీద వదిలి ఫొటోకి వెళ్లడం మనకి అయిదు నిమిషాల పని. ఘాట్‌లో ఒక వంపు దగ్గర అయిదు నిమిషాలు ఆగితే రెండు వైపులా ఎన్ని బళ్లు నిలిచిపోతాయో ఆ రోడ్ల మీద డ్రైవింగ్ చేసినవాళ్లకి తెలుసు.

మరి ఆ ఊళ్లకి రోడ్లు ఎందుకు పడవు అంటే, అస్సలు పడటం లేదని చెప్పడం తప్పు. 2023 నవంబరులో కేంద్రం పీఎం జన్‌మన్ పథకం మొదలుపెట్టింది, పోర్జా, గదబ, కోందు లాంటి బాగా వెనకబడిన తెగల ఆవాసాలకి రోడ్లు అందులో ఒక భాగం. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం డుంబ్రిగూడ మండలం పెదపాడులో 'అడవి తల్లి బాట' రోడ్ల పనులు మొదలుపెట్టింది. పని ఎక్కడ చెడుతుందో చెబుతాను. ఒకటి, అటవీ అనుమతి రాలేదంటారు. అటవీ హక్కుల చట్టం 2006లోని సెక్షన్ 3(2) చదివితే ఊరి రోడ్డు, బడి, మంచినీళ్ల పైపు లాంటి వాటికి ఒక్కోదానికి ఒక హెక్టారు లోపు అడవి భూమి, హెక్టారుకి 75 చెట్లకి మించకుండా, గ్రామసభ సిఫార్సుతో ఇవ్వొచ్చని ఉంది. నాలుగు మీటర్ల వెడల్పు రోడ్డుకి ఒక హెక్టారు అంటే రెండున్నర కిలోమీటర్లు. చాలా ఊళ్లకి అనుమతి తెగక ఆగిపోయిన ముక్క అంతే ఉంటుంది. గ్రామసభ తీర్మానం సరిగ్గా రాసి, సర్వే స్కెచ్ జత చేసి, డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసరు దాకా వెంటపడేవాళ్లు లేకే ఏళ్లు గడుస్తాయి. రెండోది, కల్వర్టులు. మట్టి కోసి గ్రావెల్ పరిచి ఫొటో తీసి బిల్లు పెట్టేస్తే, గెడ్డ అడ్డం వచ్చే చోట్లలో తూము లేక మొదటి వానకే రోడ్డు రెండు ముక్కలవుతుంది. కాగితం మీద ఆ ఊరికి రోడ్డున్నట్టే లెక్క, కాబట్టి మళ్లీ మంజూరు కావడం ఇంకా కష్టం.

ఇక భూమి. మీరు బస చేయబోయే చోటుకి నేరుగా సంబంధించింది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మన్యం షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనని 1970లో సవరించారు, అందరూ 1/70 అనేది దాన్నే. దాని ప్రకారం ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ బదలాయించకూడదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే అనుకుంటారు. తాకట్టు, దానం, మార్పిడి, లీజు, ఆ భూమి మీద చేసుకునే ఏ ఒప్పందమైనా అందులోకే వస్తుంది. అటవీ హక్కు పట్టా భూమి అయితే ఇంకో తాళం కూడా ఉంది. వారసులకి వస్తుంది గానీ అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదని ఆ చట్టమే చెబుతోంది.

ఇంత గట్టి చట్టం ఉండగా విశాఖ, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు టెంట్లు, కాటేజీలు ఎలా నడుపుతున్నారు? దారులు రెండు మూడు. నోటరీ కాగితం మీద పదకొండు నెలల ఒప్పందం రాసుకుని ఏటా తిరగరాయడం. దగ్గర పనిచేసే గిరిజనుడి పేరుతో కరెంటు మీటరు, పంచాయతీ కాగితం తీయించి పెత్తనం తాము చేయడం. భూమి యజమానికి చేబదులు ఇచ్చినట్టు రాసి, ఆ బాకీ కింద పొలం వాడుకోవడం. వీటిలో ఏదీ చట్టం ముందు నిలవదు. అందువల్ల నష్టపోయేది మాత్రం భూమి ఉన్నవాడే. సీజన్ ఆఖర్లో అనుకున్న డబ్బు రాకపోతే ఏ కాగితం పట్టుకుని అడుగుతాడు? ఫిర్యాదు చేస్తే నీమీదే కేసవుతుందని బెదిరిస్తారు. చివరికి తన చేలో తనే వాచ్‌మన్, తన భార్య అక్కడే గిన్నెలు తోమే మనిషి. మీకు పొద్దున్నే వేడినీళ్ల బకెట్టు తెచ్చిచ్చే ఆయన ఆ నేల యజమాని కావచ్చు. అక్కడి బోర్డు చూస్తే మాత్రం ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

2025 మొదట్లో పర్యాటకం కోసం ఈ చట్టాన్ని సడలించాలన్న మాట బయటికి వచ్చింది. ఫిబ్రవరిలో మన్యం బంద్ అయింది, చట్టం జోలికి వెళ్లమని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. అభివృద్ధికి అడ్డుపడుతున్నారని ఆ రోజుల్లో కోపగించుకున్న టూరిస్టులూ ఉన్నారు. వాళ్లకి ఒక్క మాట. ఊటీ లాంటి చోట్ల కొండ మీద భూమి ఎవరి చేతుల్లోకి వెళ్లిపోయిందో చూడండి. అరకు లోయలో ఇంకా గిరిజనుల పొలాలు కనబడుతున్నాయంటే, మీరు ఫొటో తీసుకునే ఆ పచ్చదనం ఉందంటే, సగం పుణ్యం ఈ చట్టానిదే.

బొర్రాకి ఇంకో చరిత్ర ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో గనుల లీజుల మీద సాగిన కేసులోనే 1997 జులైలో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తి' కిందే లెక్క, ప్రభుత్వ భూమినైనా గిరిజనేతర కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదని తేల్చింది. గనులు నడిచే చోట నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి పక్కన పెట్టాలని కూడా చెప్పింది. గుహల టికెట్టు ఆదాయంలో ఊరికి వాటా కావాలన్న డిమాండ్ వెనకున్న తర్కం అదే. నా మటుకు అది పూర్తిగా న్యాయమైన కోరిక.

కాఫీ గురించి చెప్పకుండా అరకు గురించి చెప్పలేం. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ప్యాకెట్టు మీద కొండలు, నవ్వుతున్న గిరిజన స్త్రీ బొమ్మ ఉంటాయి. ఆ ప్యాకెట్టులో రైతు వాటా ఎంతో మీరే లెక్క కట్టుకోవచ్చు. వంద కిలోల పండిన కాఫీ పళ్లు తొక్క తీసి, కడిగి, ఎండబెడితే సుమారు 20 కిలోల పార్చ్‌మెంట్ (పలుచటి పైపొర ఉన్న ఎండు గింజ) వస్తుంది. పైపొర తీస్తే 16 కిలోల గింజలు. వేయిస్తే బరువు తగ్గి పదమూడున్నర కిలోలు. అంటే కిలో పొడికి ఏడు కిలోల పైచిలుకు పళ్లు, పావు కిలో ప్యాకెట్టుకి దాదాపు 1.8 కిలోలు. వెళ్లినప్పుడు పళ్లు కిలో ఎంతకి కొంటున్నారో రోడ్డు పక్క రైతునే అడగండి. దాన్ని 1.8తో హెచ్చించి, మీ ప్యాకెట్టు ధర పక్కన పెట్టి చూడండి. కెఫేలో ఒక కప్పుకి పది గ్రాముల పొడి వేస్తే అందులో రైతు పళ్లు 75 గ్రాములు.

ఇంకా తక్కువ రావడానికి కారణం ఎండబెట్టడం దగ్గర ఉంది. ఎర్రగా పండిన పళ్లే ఏరి కోయాలి, కోసిన రోజే పల్పరులో వేసి తొక్క తీయాలి. ఒక రాత్రి నుంచి ఒకటిన్నర రోజు దాకా పులియబెట్టి, జిగురు పోయేలా మంచినీళ్లతో కడగాలి. తర్వాత నేల తగలకుండా ఎత్తయిన బల్లల మీదో పట్టాల మీదో వారం పది రోజులు తిరగేస్తూ తేమ పది పదకొండు శాతానికి వచ్చేదాకా ఆరబెట్టాలి. మనం ముచ్చటపడే పొగమంచు ఇక్కడ శత్రువు. పొద్దున పదింటిదాకా ఎండ రాదు, సాయంత్రం నాలుగింటికే మంచు దిగుతుంది. మూత వేయడం ఒక్క రాత్రి ఆలస్యమైతే గింజ బూజు వాసన పడుతుంది, ధర సగానికి సగం పడిపోవచ్చు. పల్పరు లేనివాళ్లు, కడగడానికి నీళ్లు దూరమైనవాళ్లు, అంత ఓపిక పట్టే ఆర్థిక బలం లేనివాళ్లు పళ్లనే అమ్మేస్తారు, లేదా తొక్కతోనే ఎండబెట్టి తక్కువకి ఇచ్చేస్తారు. దానికి ముందే జూన్, జులై ఆకలి నెలల్లో సావుకారు దగ్గర బియ్యానికో వైద్యానికో తీసుకున్న అప్పు ఉంటుంది. అప్పిచ్చినవాడికే సరుకు తోలాలి, తూకం వాడిదే, రేటు వాడిదే. ఈ పట్టు తప్పించడానికే గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది. అది ప్రకటించే ధర వల్ల బయటి వ్యాపారి కూడా కొంత దిగిరాక తప్పదు. కానీ అప్పున్న రైతు గుమ్మం దాటి ఆ కౌంటరు దాకా వెళ్లలేడు.

2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు కూడా కనబడింది. దానికి మందు కన్నా శుభ్రత ముఖ్యం. చెట్టు మీద ఒక్క కాయ మిగల్చకుండా కోయాలి, రాలినవి ఏరెయ్యాలి, లేకపోతే వాటిలోనే పిల్లలు పెట్టి మరుసటి ఏడాదికి తోటంతా పాకుతుంది. శని, ఆదివారాల్లో కుర్రాళ్లు జీపులకి, టెంట్లకి వెళ్లిపోతే ఏరే చేతులు తగ్గుతాయి. వెళ్లొద్దనడానికి మనకి హక్కు లేదు, రోజు కూలి అక్కడే ఎక్కువ. రెండు రాబడులూ ఒకే నెలల్లో పోటీ పడుతున్నాయన్న సంగతి మాత్రం టూరిజం లెక్కల్లో ఎక్కడా రాయరు.

గిరిజనుల బృంద నృత్యం థింసా విషయంలో నా అభిప్రాయం కాస్త వేరు. రిసార్టుల్లో థింసా ఆడించడమే అవమానమని కొందరంటారు. చైత్రమాసం ఇటుకల పండక్కి, పెళ్లిళ్లకి డప్పు, తుడుము, మోరి, కిరిడి మోగుతుంటే ఒకరి నడుం ఒకరు పట్టుకుని తెల్లవార్లూ ఆడే ఆట అది. డబ్బుకి ఆడినంత మాత్రాన చెడిపోదు. చెడేది లెక్క దగ్గర. రాత్రి తొమ్మిదింటికి మంచులో చెప్పులు లేకుండా పదిహేను మంది ఆడతారు, గంట అన్నది రెండు గంటలవుతుంది, మధ్యవర్తి తన వాటా తీసుకుని మిగతాది ఇస్తాడు, తిరిగి ఊరికి బండి ఉండదు. తాగినవాళ్లు వరసలోకి దూరి చేతులు పట్టుకుంటారు. అదే మాడగడ వ్యూపాయింటు దగ్గర థింసా చీర కట్టించి ఫొటో తీయించుకుంటే ఆ అద్దె నేరుగా ఆ అమ్మ చేతికే వెళ్తుంది. చూడ్డానికి వేషంలా ఉన్నా అది శుభ్రమైన బేరం. వలిసె (నూనెగింజల పంట) చేలో ఫొటోకి ఇరవై రూపాయలు అడిగితే విసుక్కోకండి. పూత మీదున్న మొక్క కాడ పెళుసు, తొక్కితే విరుగుతుంది, ఆ గింజ మళ్లీ రాదు.

లంబసింగిని జనం ఆంధ్రా కశ్మీర్ అంటారు. సున్నా దగ్గరికి దిగే చలి కోసం వెళ్తాం. ఆ చలి రేకుల కప్పు ఇంట్లో ఎలా ఉంటుందంటే, తెల్లవారుజామున లోపలి ఆవిరి రేకు కింద నీరై చుక్కలు చుక్కలుగా పక్కల మీద పడుతుంది. పసిపిల్లలకి దగ్గు, న్యుమోనియా, ఇంట్లో కుంపటి పొగ. అదే ఇంట్లో వానాకాలం జ్వరాల కాలం, అప్పుడు టూరిస్టు ఉండడు, కెమెరా ఉండదు. చాపరాయిలో నీళ్లు పొంగుతున్నాయని మనం మురిసే నెలల్లోనే కొండ మీద మలేరియా.

నీళ్ల సంగతీ అంతే. శిఖర గ్రామాలకి బోరు బండి ఎక్కదు, పై ఊట దగ్గర తొట్టి కట్టి పైపుతో దింపుకోవడమే దారి. తొట్టి మీద మూత లేకపోతే ఆకులు పడి నోరు మూసుకుంటుంది, పైపు ఎత్తుపల్లాల్లో గాలి చిక్కుకుని నీళ్లు ఆగిపోతాయి, ఒక్క జాయింటు ఊడితే బాగుచేసే పరికరం ఊళ్లో ఉండదు. ఊట పైనున్న కొండ మీద మేఘాలు చూడటానికి జనం చేరి, సీసాలు, ప్లేట్లు, మలమూత్రాలు వదిలి దిగితే మొదటి వానకి అదంతా చేరేది ఆ తొట్టిలోకే. వంజంగి లాంటి చోట మీ వెంట తెచ్చింది మీ సంచిలోనే దింపుకుని, పాడేరు దాకా తీసుకెళ్లి పారేయండి. కొండ కింద డబ్బాలో వేస్తే సరిపోదు, దాన్ని అక్కణ్నుంచి ఎత్తే బండి అన్ని చోట్లా రాదు.

ఇంకో మాట పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులకి కాదు గానీ, స్నేహితులతో వెళ్లే కుర్రాళ్లకి. అక్కడి పిల్లగాళ్లని గంజాయి అడగకండి. ఇరవై కిలోలు దాటిన కేసులో బెయిల్ దొరకడం ఎంత కష్టమో మాదకద్రవ్యాల మీద తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం చూస్తే తెలుస్తుంది. మూట మోసిన గిరిజన కుర్రాడు ఏళ్ల తరబడి జైల్లో ఉంటాడు, మూట కట్టించినవాడి పేరు కూడా వాడికి తెలియదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఏం చేయాలి అన్నది.

వీలైతే సోమవారం నుంచి గురువారం లోపు వెళ్లండి. ఘాట్ ఖాళీగా ఉంటుంది, గదులకి బేరం కుదురుతుంది, ఊరికి రాబడి వారమంతా పరుచుకుంటుంది. ఎప్పుడు వెళ్లినా వంపుల్లో కారు ఆపకండి, సైరన్ వినబడితే కొండ వైపుకి ఒదిగి దారివ్వండి.

గది తీసుకునేముందు ఫోన్లో మూడు సంగతులు అడగండి. స్థలం ఎవరి పేరున ఉంది, నడిపేది వాళ్లేనా, వంట ఎవరిది. సూటిగా జవాబిస్తే మంచిది, నసిగితే ఇంకో చోటు చూసుకోండి. అడ్వాన్సు పంపేటప్పుడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే ఫోన్లో పేరు వస్తుంది కదా, ఆ పేరు మీతో మాట్లాడిన గిరిజన కుటుంబానిదో, ఏదో సిటీ సంస్థదో అక్కడే తేలిపోతుంది. ఇలాంటి చిన్న గృహాల్లో బాత్రూము బయట ఉండొచ్చు, కరెంటు పోవచ్చు. ముందే అడిగి తెలుసుకుని వెళ్లి, తర్వాత రేటింగులో ఒక్క చుక్క ఇచ్చి పోకండి.

వ్యూపాయింటు దగ్గర రుసుము తీసుకుంటే రసీదు అడగండి. పంచాయతీదా, వన సంరక్షణ సమితిదా, ఊరి యువకుల కమిటీదా అన్నది దాని మీద ఉండాలి. రసీదు లేని వసూలు ఎవరి జేబులోకి వెళ్తుందో ఊరివాళ్లకీ తెలియదు.

కాఫీ, మిరియాలు, పసుపు, చింతపల్లి రాజ్మా కొనాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో, సంతలో పండించినవాళ్ల దగ్గరో కొనండి. సంతలో బేరమాడకండి అని నేననను, బేరం సంతలో మర్యాదే. కాకపోతే సాయంత్రం చీకటి పడేముందు మిగిలింది ఎంతకైనా వదిలించుకుని కొండెక్కాల్సిన మనిషితో బేరమాడటం వేరు. పొద్దున్నే కొనండి.

థింసా పెట్టించుకుంటే బృందం పెద్దావిడతో నేరుగా మాట్లాడి డబ్బు ఆమె చేతికివ్వండి. చీకటి పడకముందే మొదలుపెట్టించండి, గంట దాటనివ్వకండి, భోజనం, ఊరిదాకా బండి మీ ఖర్చులోనే వేసుకోండి.

శిఖర గ్రామాన్ని చూసొద్దామని మాత్రం బయల్దేరకండి. కష్టాన్ని కూడా ఒక వ్యూపాయింటు చేసినట్టవుతుంది. చాక్లెట్లు, పాత బట్టలు పంచితే పిల్లలు బడి మానేసి రోడ్డు పక్కన నిలబడటం మొదలవుతుంది. ఇవ్వాలనే ఉంటే దగ్గరి ఆశ్రమ పాఠశాల హెడ్మాస్టరునో, ఆరోగ్య కేంద్రం ఏఎన్ఎంనో కలిసి ఏం తక్కువుందో అడిగి అదే కొనివ్వండి. దుప్పటైతే పిల్లల సంఖ్యకి సరిపడా, ఒకే రకం ఇవ్వండి.

ఇంటికొచ్చాక చేసే పని ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు లేదు. దారిలో ఎక్కడైనా కల్వర్టు కొట్టుకుపోయిన రోడ్డు, ఎండిన కొళాయి, మూతపడిన ఉపకేంద్రం మీ కంటబడితే ఊరి పేరు, పంచాయతీ, మండలం, తేదీ రాసి ఫొటో జతచేసి పాడేరు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికీ, జిల్లా కలెక్టరుకీ రాతపూర్వకంగా పంపండి. అక్కడివాళ్లు ఇదే విషయం పదిసార్లు రాసి ఉంటారు. బయటివాళ్ల నుంచి కూడా వస్తే ఫైలు కదలడం తేలికవుతుంది. బినామీ లీజు సంగతి తెలిస్తే అది వెళ్లాల్సింది గిరిజన సంక్షేమ విభాగం స్పెషల్ డిప్యూటీ కలెక్టరుకి. భూమి యజమానిని అడగకుండా మాత్రం ఆ ఫిర్యాదు పెట్టకండి. టెంట్లు ఖాళీ అయ్యాక కూడా అదే ఊళ్లో, అవతలివాళ్ల మనుషుల మధ్యే ఉండాల్సింది ఆయన. తీసుకున్న అడ్వాన్సు తిరిగి కట్టమని వాళ్లు గుమ్మం ముందుకొస్తే ఎవరు తోడుంటారో, ఆ ఊరి గ్రామసభ ఆయన పక్షాన నిలబడుతుందో లేదో ముందే మాట్లాడుకుని, ఆ తర్వాతే కాగితం మీద సంతకం పెట్టాలి.